కోట బస్టాండు గోడ మీద వాన

నెల్లూరు,
ఆగస్టు 9

వదినకు,

సలాం. నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీవాళ్ళు ఇంకా ఉత్తరాలు రాస్తారా అని హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి ఆశ్చర్యపోయింది. రాస్తారన్నాను. ఎందుకో చెప్పలేదు. ఫోను మోగితే చాలు మా అమ్మ మంచం మీద నుంచి లేచొచ్చి, అన్నే అనుకుని, "అర్మానేనా?" అంటూ చేతిలోంచి లాక్కుంటుందని ఎలా చెప్పను? ఇదీ పక్కింటి మగ్దలీనమ్మక్క ఇంటికే పంపుతున్నాను. నీ కుట్టుమిషను చప్పుడు ఆగినప్పుడు గోడ మీద నుంచి అందిస్తుందిలే.

మా ప్రెస్సుకి ఒక పని వచ్చింది వదినా. ఇక్కడ పాటలు పాడేవాళ్ళూ నాటకాలు వేసేవాళ్ళూ కలిసి దీపావళి వెళ్ళాక వాన పండగ చేస్తారట. వాన పాటలు, పిల్లలకు కాగితం పడవల పోటీ, వేడివేడి బజ్జీల అంగళ్ళు. జిల్లాలో అన్ని బస్టాండుల్లోనూ అతికించడానికి పోస్టరు కావాలన్నారు. మా ఓనరు నరేంద్రబాబు గారు ఆ పని నాకిచ్చారు. ఇన్నాళ్ళూ పెళ్ళిపత్రికలూ కొట్ల బోర్డులే కదా నేను చేసింది. ఇదే మొదటి పోస్టరు. కింద మూలన నా పేరు కూడా వేసుకోమన్నారు.

కానీ చెయ్యి కదలడం లేదు. గొడుగు వేశాను. కప్పను వేశాను. తడిసిన పిచ్చుకను వేశాను. నరేంద్రబాబు గారు చూసి, "అమ్మా షమా, ఇది బడి పుస్తకంలో వాన. జూన్ నెల వాన. మనకి వాన దీపావళి ఎనకాల సముద్రం మీద నుంచి గదా వచ్చేది. ఆ వాన యాడమ్మా ఇందులో?" అన్నారు.

ఆ వాన నాకు తెలుసు. కళ్ళు మూసుకుంటే వాగు చప్టా మీద పొర్లే ఎర్రనీళ్ళే కనిపిస్తాయి. అన్న ఆ నీళ్ళల్లో కొట్టుకుపోయి ఈ నవంబరుకి మూడేళ్ళు. ఆ నీళ్ళు చూపించి పండగకు రండని ఎవరిని పిలవను?

అన్నకి వానంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. దూది పని చేసే ఇంట్లో వాన శత్రువు. మబ్బు పట్టగానే నాన్న పరుపులు లోపలికి లాగండర్రా అని కేకలు పెట్టేవాడు. అన్న పరుపులు లాగి, తను మాత్రం బయటే ఉండిపోయేవాడు. నువ్వొచ్చాక ఎలా ఉండేవాడో, మీ ఇద్దరి వాన ఎలాంటిదో ఒక్క మాట రాయవా? దాన్ని పట్టుకుని గీస్తాను.

నీ,
షమా

---

కోట,
ఆగస్టు 21

షమాకు,

ఉత్తరం అందింది. అత్తమ్మకి బీపీ మాత్రలు వేళకి వేస్తున్నాను. కొట్టు నడుస్తోంది. ముహూర్తాలు లేవు కనక పరుపులు అడిగేవాళ్ళు లేరు. దిండ్లు కుడుతున్నాను.

వాన గురించి నన్ను అడగొద్దు.

మబ్బు పడితే మన ఇంట్లో ఏం జరుగుతుందో నువ్వు చూడలేదు. అత్తమ్మ గడప మీద కూర్చుని, "వాడు తడిసొస్తాడు, తువ్వాలు తీసి పెట్టమ్మే" అంటుంది. తీసి దండెం మీద వేస్తాను. వాన వెలిసిపోతుంది. ఎండిన తువ్వాలు ఎండినట్టే మడిచి మళ్ళీ పెట్టెలో పెడతాను. నాకు తెలిసిన వాన ఇదే. వేస్తావా దీన్ని, బస్టాండుల్లో అతికించడానికి?

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపం కూడా లేదు. హాస్టల్లో పొద్దున టిఫిను మానొద్దు. కిందటిసారి వచ్చినప్పుడు మెడ ఎముకలు కనిపించాయి నీకు.

నూర్‌బీ

---

నెల్లూరు,
సెప్టెంబరు 2

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ప్రెస్సుకి పోలేదు. జ్వరమని చెప్పాను. తర్వాత నరేంద్రబాబు గారి ముందు కూర్చుని అన్న సంగతి మొత్తం చెప్పేశాను. ఆయనకి అంతవరకూ తెలియదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాకు తెలిస్తే ఇచ్చేవాణ్ణి గాదమ్మా. వదిలెయ్. ఇంకెవురికన్నా ఇస్తాను" అన్నారు.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ తెలియడం లేదు. ఇంకెవరో గొడుగూ కప్పా వేసి ఇచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ వాన అంటే అన్నను చంపింది అని మాత్రమే మిగిలిపోతే, అన్నకి ఇష్టమైనది ఈ లోకంలో ఒక్కటీ మిగలదనిపించింది.

నిన్ను ఇక అడగను. అడిగినందుకు ఏమీ అనుకోవద్దు. అమ్మకి పుల్లటివి పెట్టొద్దు, మోకాళ్ళ నొప్పులంటుంది. దసరా సెలవులకి వస్తాను.

షమా

---

కోట,
సెప్టెంబరు 24

షమాకు,

నువ్వు అడగనన్నావు కనకనే రాస్తున్నాను.

నాకు పెళ్ళయిన ఏడాది కార్తీక మాసం ముసురు నీకు గుర్తుండదు, నువ్వు అప్పుడు గూడూరులో చదువుతున్నావు. పొద్దున్నించీ కొట్టులో ఒక పెళ్ళి పరుపు కుడుతున్నాం. ఇంట్లో ఎక్కడ చూసినా బూరుగు దూది. నా కనుబొమల మీద కూడా దూదే. చినుకు మొదలైంది. మీ అన్న సూది పక్కన పెట్టి, "పా, వానని చూసొద్దాం" అన్నాడు. గుమ్మంలో నిలబడితే కనిపిస్తుంది కదా అన్నాను. "ఇది గాదు. సముద్రం మీద పడే వాన."

పరుపుకి చుట్టే ప్లాస్టిక్ కవరు ఇద్దరం తలల మీద కప్పుకుని మోపెడ్ ఎక్కాం. తూపిలిపాలెం దాకా. దోవ పొడుగునా తిడుతూనే ఉన్నాను. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల దగ్గరున్నవాడొకడు మమ్మల్ని చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సముద్రం దగ్గర మనిషన్నవాడు లేడు. పడవలన్నీ పైకి లాగేసి ఉన్నాయి. వాన ఎంత జోరుగా పడుతోందంటే అలలు అణిగిపోయి సముద్రం చదునుగా, ఉడికే గంజిలా ఉంది. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియలేదు. మీ అన్న కవరు నా మీద వదిలేసి, లుంగీ పైకి కట్టుకుని, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నాకింకా కోపం తగ్గలేదు. "పొలాలకి నీళ్ళు లేకపోతే ఇక్కడ పడేది చూడండి. సముద్రానికి వాన దేనికి? అదేమన్నా అడిగిందా?" అన్నాను.

వెనక్కి తిరిగి నవ్వినాడు. "అడిగినోళ్ళకే ఇయ్యాల్నా ఏంది?" అన్నాడు.

అంతే. ఆ మాటకి నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు. నేనూ కవరు వదిలేశాను. గాలికి అది ఎగిరి పడవల అవతల పడింది. దానికోసం ఇద్దరం పరిగెత్తాం. ఇంటికొస్తే అత్తమ్మ ఇద్దరినీ కలిపి తిట్టి మిరియాల చారు పోసింది.

ఇది ఎవరికీ చెప్పలేదు షమా. చెబితే అయిపోతుందేమోనని భయం. నీకు ఇస్తున్నాను. వేసుకో. ముఖం మాత్రం వెయ్యకు.

నూర్‌బీ

---

నెల్లూరు,
అక్టోబరు 17

వదినా,

అయిపోయింది. దసరా సెలవులకి కూడా రాకుండా, కూర్చున్నదాన్ని లేవకుండా గీశాను. పోస్టరు మొత్తం బూడిద రంగు సముద్రం. అన్నను వెనక నుంచి వేశాను, లుంగీ పైకి కట్టి, చేతులు చాచి. తల కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది, మాట్లాడబోతున్నట్టు. ముఖం లేదు. ఇసక మీద ఎగిరిపోతున్న ప్లాస్టిక్ కవరు ఒక్కటే తెల్లగా మెరుస్తుంది. నిన్ను వెయ్యలేదు. చూసేవాళ్ళందరూ నువ్వు నిలబడిన చోటనే నిలబడి చూస్తారు.

పైన "వాన పండగకు రండి" అని పెట్టాం. కింద "అడగనోళ్ళకీ ఇచ్చేది వాన" అని రాశాను. నరేంద్రబాబు గారు చూశారు. లోపలికి వెళ్ళి ఆయన భార్యను పిలుచుకొచ్చి చూపించారు. పండగ చేసేవాళ్ళు ప్లాస్టిక్ వద్దన్నారు కనక ఫ్లెక్సు కాదు, కాగితం మీదే వేశాం. కోటలో కూడా అతికిస్తారు. నేను ఆపలేను. అమ్మ బస్టాండు వైపు వెళ్ళదు కాబట్టి ఫరవాలేదనుకుంటున్నాను.

అక్టోబరు 18

కవరు మూసేలోపే మన ఊరి హజరత్తయ్య మామ సరుకు కోసం నెల్లూరు వచ్చి నన్ను చూసిపోయాడు. పోతూ పోతూ, "నూర్‌బీని ముత్తుకూరు ఇస్తా ఉండారంటనే, నీకు తెలుసు గదా" అన్నాడు. ఎవరో అమీర్ బాషా అట, పోర్టులో పనట, భార్య చనిపోయిందట, చిన్న ఆడపిల్ల ఉందట. మీ అన్నయ్య మాట్లాడి వచ్చాడట.

నాకు తెలుసునని తల ఊపాను. సిగ్గేసింది. ఊళ్ళో కాన్పు కబురు నుంచి కరెంటు పోయిన కబురు దాకా నాకు రాసే నువ్వు ఇది రాయలేదు. మబ్బు పడితే తువ్వాలు తీసి పెట్టేది అత్తకోసమా, ఊరికోసమా? ఆ సముద్రం సంగతి నాకు ఇచ్చేసింది, నీకిక దానితో పని లేదనా?

చింపేద్దామనుకున్నాను. చింపకుండా పంపుతున్నాను.

షమా

---

కోట,
అక్టోబరు 26

షమాకు,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ముత్తుకూరు మాట నిజం. అన్నయ్య తెచ్చాడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఎవరినని చెప్పను? అర్మాన్ భార్యను కాను, విధవను కాను. మొదటి నెలలోనే మసీదు హజరత్ గారు వచ్చి, కొట్టుకుపోవడం చూసినవాళ్ళున్నారు, పోయినవాడి పేరున ఫాతెహా చదివించండి అన్నారు. అత్తమ్మ చెంబు విసిరేసింది. "నా కొడుకు శవాన్ని ఎవురు చూసినారు? చూసినోళ్ళని రమ్మనండి" అంది. ఆ రోజు నుంచి నా చేతులకి గాజులున్నాయి, మెడలో నల్లపూసలున్నాయి. పాతబడితే అత్తమ్మే కొత్తవి తెచ్చి వేస్తుంది. పెళ్ళిళ్ళకి పోతే ఆడవాళ్ళు నా చేతుల వంక చూసి చూపు తిప్పుకుంటారు.

నీకెందుకు రాయలేదంటావా. నువ్వు అతని చెల్లెలివి. రాస్తే నువ్వు కూడా పోతావనుకున్నాను.

ఇంకొకటి కూడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. చప్టా మీద ఆటో ఆగిపోతే మీ అన్న అందులోవాళ్ళను గట్టుకు చేర్చి పోయాడని ఊరంతా అంటుంది. నిజమే, చేర్చాడు. ఆడవాళ్ళనీ డ్రైవరునీ అందరినీ చేర్చాడు. తనూ గట్టెక్కాడు. అప్పుడొకామె, మేకపిల్ల ఆటోలోనే ఉండిపోయిందని ఏడ్చిందట. చప్టా పక్క మళ్ళలో ఉన్న పోలేరయ్య, "వద్దబ్బాయ్, వద్దు" అని అరుస్తూనే ఉన్నాడట. మీ అన్న మళ్ళీ దిగినాడు. మేకపిల్లను గట్టు మీదికి విసిరాడు. తను రాలేదు.

ఒక మేకపిల్ల కోసం, షమా. అది బతికిందట. అది కూడా చెప్పాడు పోలేరయ్య.

నా కోపం మీ అన్న మీద. ఇంట్లో నేనున్నాను కదా, తల్లి ఉంది కదా. ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ ఒక్కచోట అతన్ని క్షమించలేను. తువ్వాలు మడిచి పెట్టేటప్పుడల్లా ఇదే అడుగుతాను. ఎవరికోసం పెడతానో ఇప్పుడు నువ్వే చెప్పు.

నీ పోస్టరు వచ్చింది. నిన్న అత్తమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆటో బస్టాండు మీదుగా పోయింది. నేను చూసేలోపే అత్తమ్మ ఆపమంది. గోడ దగ్గరికి పోయి నిలబడింది. ముఖం లేకపోయినా తల్లికి తెలియదా? "చూడమ్మే, వాడి ఎడమ భుజం దిగి ఉంటది గదా" అంది. ఈ పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేదు. బస్టాండులో ఆ గోడ ముందు, సిమెంటు అరుగు మీద కూర్చుని ఉంది.

నూర్‌బీ

---

నెల్లూరు,
నవంబరు 1

వదినా,

ఏ మాట రాసినా చిన్నదే అవుతుంది. నేను రాసిన ఆ మాటలు నువ్వు మరిచిపోయినా నేను మరవను.

మేకపిల్ల సంగతి చదివి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చిన్నప్పుడు మురిక్కాలవలో పడ్డ కుక్కపిల్ల కోసం పండగ చొక్కాతో దిగి నాన్న చేత దెబ్బలు తిన్నాడు. అన్నెప్పుడూ అంతే వదినా. నీ కోపం మాత్రం నీదే. దాన్ని వదిలెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు.

ముత్తుకూరు నువ్వు ఔనంటే నీ పక్కన నేనుంటాను. కాదన్నా ఉంటాను.

అమ్మ రోజూ పోతోందని మగ్దలీనమ్మక్క ప్రెస్సుకి ఫోన్ చేసి చెప్పింది. వచ్చి ఆ పోస్టరు చించేయనా? ఒక్క మాట చెప్పు.

షమా

---

కోట,
నవంబరు 5

షమాకు,

చించొద్దు. చించితే మళ్ళీ ఎవరో కొడుకుని లాక్కున్నట్టవుతుంది.

పొద్దున కొట్టు తీసేముందు అత్తమ్మను తీసుకెళ్ళి దింపుతున్నాను. మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళి పెడుతున్నాను. అక్కడున్నంతసేపు ఫోను కోసం వెతుక్కోదు. వాకాడు బస్సు కండక్టరు మంచినీళ్ళిస్తాడు. ఎవరన్నా "ఎవురమ్మా ఆ బొమ్మలో?" అంటే "మా అబ్బాయి" అంటుంది. అంతకుమించి మాట్లాడదు.

నేను కూడా నిలబడి చూశాను. బాగా వేశావు. అతను వెనక్కి తిరగబోయే ముందు సరిగ్గా అలాగే ఉన్నాడు.

నూర్‌బీ

---

కోట,
నవంబరు 19

షమాకు,

వాయుగుండం వల్ల మీ వాన పండగ వాయిదా పడిందని విన్నాను. ఇక్కడ ముసురు పట్టి విడవలేదు. ఉత్తరం ఆలస్యమైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం పొద్దున అత్తమ్మను వెళ్ళొద్దన్నాను. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పది దాటాక వాన పెద్దదైంది, గాలి కూడా. కొట్టు మూసి పరిగెత్తాను. బస్టాండులో జనమంతా రేకుల కింద దాక్కుని ఉన్నారు. అత్తమ్మ ఒక్కతే గోడ దగ్గర వానలో ఉంది. గొడుగు ఎక్కడో పడిపోయింది. పోస్టరు పైనుంచి ఊడి వంగి వస్తుంటే, రెండు అరచేతులతో గోడకేసి అదిమి పట్టుకుని ఉంది. రంగు కారి మోచేతుల దాకా బూడిద నీళ్ళు.

కండక్టరు బతిమాలుతున్నాడు. "లోపలికి రామ్మా. నేను చెప్పి ఇంకోటి అతికిస్తాలే." అత్తమ్మ వినిపించుకోలేదు. నేను వెళ్ళి వెనక నుంచి పట్టుకున్నాను. లాగలేదు. నేనూ నా చేతులు పక్కన ఆనించాను. ఇద్దరం అదిమి పట్టుకుని నిలబడ్డాం. కాగితం గంజిలా మెత్తబడిపోయి మా వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. అదిమేకొద్దీ చినుగుతోంది.

అప్పుడు అత్తమ్మ, "మనం పట్టుకుంటేనే చినుగుతా ఉండాదమ్మే" అంది.

చేతులు తీసేసింది. నేను తీయలేకపోతే నా చేతులు కూడా తనే పట్టుకుని తీసింది. కాగితం ముద్దయి కిందపడి కాలవలోకి పోయింది. చూస్తూ నిలబడ్డాం. "ఇంకోటి తెప్పిస్తానమ్మా" అన్నాడు కండక్టరు మళ్ళీ. "వద్దు నాయనా" అంది.

ఇంటికొచ్చాక తల తుడిచి, చీర మార్పించి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. "మేకపిల్ల సంగతి నాకు తెలుసు" అంది. చేతిలో గిన్నె కింద పెట్టాను. పోలేరయ్య భార్య మొదటి వారంలోనే వచ్చి చెప్పిందట. ఇంతకాలం తెలిసే ఉంది. మరి ఎందుకమ్మా, ఎందుకిట్లా చేశావని అడిగాను. ఏడుస్తూ అడిగాను, అరిచాను కూడా.

"వాడు పొయ్యినాడని ఒప్పుకుంటే నువ్వూ పోతావు గదమ్మే. నీ వాళ్ళు వచ్చి తీసుకపోతారు. ఇద్దురూ పోతే నేనేం జేసేది? వాడు వస్తాడంటా ఉంటే నువ్వుంటావు." పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఫోను మోగినప్పుడు మాత్రం దొంగవేషం గాదు. అప్పుడు నిజంగానే వాడేమో అనిపిస్తది. అది నా చేతుల్లో లేదు."

నేను ఆమెకోసం నటిస్తున్నాననుకున్నాను షమా. ఆమె నా ఎదుటే కూర్చుని నాకోసం నటించింది. ఒకే ఇంట్లో, ఒకే చెంబు నీళ్ళతో చేతులు కడుక్కుంటూ, ఇద్దరం అతనికి తువ్వాళ్ళు తీసి పెట్టుకున్నాం.

తర్వాత నా చేయి తన ఒళ్ళో పెట్టుకుని, సబ్బు రాసి, గాజులు ఒక్కొక్కటే తీసింది. పగలగొట్టమంటారు కదా అన్నాను. "ఎందుకు, చెయ్యి తెగేదానికా?" అంది. అన్నీ తీసి పీటమీద పెట్టాక నా మణికట్టు మీద గాజుల మచ్చలు చేత్తో రుద్దింది. అప్పుడు ఏడ్చింది. ఆమె గొంతెత్తి ఏడవడం నేను మొదటిసారి విన్నాను. మగ్దలీనమ్మక్క వచ్చి కూర్చుంది. ఎవరం ఆపలేదు.

ముత్తుకూరు సంగతి ఇప్పుడే అడగొద్దని అన్నయ్యకు చెప్పాను. అత్తమ్మ మాత్రం నిన్న, అన్నం తింటూ తింటూ, ఆ తల్లిలేని పిల్లకి తల ఎవరు దువ్వుతారని అడిగింది. తెలియదన్నాను.

ఫాతెహా పై శుక్రవారం పెట్టుకున్నాం. నువ్వు రావాలి. అత్తమ్మ నీ పేరు చెప్పి, "అది రాకుండా మొదలు పెట్టొద్దు" అంది. రోడ్లు తెగి ఉన్నాయంటున్నారు. బస్సులు తిరుగుతుంటేనే బయలుదేరు. దోవలో నీళ్ళుంటే, డ్రైవరు ఫరవాలేదన్నా సరే, దిగి వెనక్కి పో. ఆ శుక్రవారం కాకపోతే ఇంకో శుక్రవారం. మేం ఆగుతాం.

నీ వదిన,
నూర్‌బీ